తెంపిన కూత

మా బావ అంజిలయ్య ముక్కు ఇబ్రహీంపట్నంలో చాలాకాలం అందరి నోళ్లలో నానింది. అది ఎడమకు ఒరిగి, నడుమ బొడిపె కట్టి ఉండేది. ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నా మనిషి ఎటో చూస్తున్నాడేమో అనిపించేది. నేను ఆయన బామ్మర్దిని, కాశయ్యను. బావను వేళాకోళం ఆడే హక్కు నాది. ఊళ్లో అడ్డమైనవాడూ ఆడుతుంటే నాకు ఒళ్లు మండేది.

మేం మంగలివాళ్లం. పొద్దున కత్తి, సాయంత్రం మేళం. గుట్ట మీది నర్సింహస్వామికి దీపం పెట్టే వేళకు సన్నాయి ఊదడం బావ వంతు, పక్కన కూర్చుని డోలు కొట్టడం నా వంతు. ఆయన సన్నాయికి పేరొచ్చింది ఒక్కదానివల్ల. హారతి ముగిసేటప్పుడు ఒకే స్వరం పట్టి, ఎక్కడా ఊపిరి తెగకుండా అట్లా నిలిపేసేవాడు. వినేవాళ్లకు ఊపిరాడేది కాదు గాని ఆయనకు ఆడేది. కిటుకంతా ముక్కులో ఉంది. బుగ్గల నిండా గాలి పట్టి, దాన్ని సన్నాయిలోకి వదులుతూ ఉండగానే ముక్కుతో కొత్త గాలి పీల్చుకోవాలి. చెంబు నీళ్లలో ఆముదపు కాడ పెట్టి, బుడగలు ఆగకుండా ఊదుతూ చిన్నప్పుడే నేర్చుకోవాల్సిన విద్య అది. నాకు రాలేదు. అందుకే నా మెడకు డోలు తగిలించారు. ఆ ఆగని స్వరాన్ని మేం నిండు కూత అనేవాళ్లం.

బావకు ఒక్కడే కొడుకు, ఎల్లయ్య. దొర వెట్టి మీద సంఘం లేచిన రోజుల్లో వాడు కత్తిపెట్టె అరుగు మీద పెట్టేసి మంచాల ఊరి దిక్కు గుట్టల్లోకి పోయి దళంలో కలిశాడు. పోయే ముందు తండ్రీకొడుకులు ఒక మాట అనుకున్నారు. సాయంత్రం నిండు కూత వినబడితే ఊళ్లో ఆపద లేదని, దిగొచ్చి తిని పోవచ్చని. కూత నడుమ తెగితే రావద్దని. చెరువు మీదుగా గాలి వీస్తే బావ సన్నాయి మొదటి గుట్టల వరసదాకా పోయేది. అక్కడ దళం మనిషి ఎవరో ఒకరు చెవి పెట్టుకుని కూర్చునేవారు. ఊళ్లో ఈ సంగతి తెలిసింది బావకు, మా అక్క జంగమ్మకు, నాకు. కూత విని వాడు ఎన్నో సార్లు వచ్చాడు. గిన్నెడు చేపల పులుసు జొన్నరొట్టెతో ఊడ్చేసి, తల్లి ఏడుపు మొదలుపెట్టక ముందే లేచి పోయేవాడు.

రజాకార్లు హడావుడి మీద ఉన్న ఏడు, దొర మనుషులు బావను గడీకి పిలిపించారు. కొడుకు ఎక్కడున్నాడో చెప్పమన్నారు. తెలియదన్నాడు. తుపాకి మడమతో ముక్కు మీద ఒకటే దెబ్బ. నేను పోయి ఎత్తుకొచ్చేసరికి ముఖం ముఖంలా లేదు. అక్క పసుపు పెట్టి, వెచ్చటి గుడ్డ కాపడం పెట్టి, ఎట్లాగో వాపు తీసింది. కానీ లోపల ఏదో వంగిపోయింది. ఒక ముక్కుపుటం పూర్తిగా మూసుకుపోయింది, రెండోది సగమే పనిచేసేది.

ఆ తర్వాత బావ ఏ కూత పట్టినా నడుమనే తెగిపోయేది. బుగ్గల గాలి అయిపోయేసరికి ముక్కు కొత్త గాలి అందించలేక, నోరు తెరిచి గుటక వేసేవాడు. గుట్టల్లో ఉన్నవాళ్లు దాన్నేమనుకుంటారు? ఆపద అనుకున్నారు. మరునాడూ తెగింది, మళ్లీ ఆపద. ఊళ్లో ఒక్క పోలీసు లేని రోజుల్లో కూడా మా సన్నాయి రావద్దు, రావద్దు అని అరుస్తూనే ఉండేది. కొడుకు రావడం మానేశాడు. మరో గుర్తు చెప్పి పంపుదామంటే ఆ గుట్టల్లోకి పోయే మనిషి దొరకలేదు. పోయినవాడిని తిరిగి రానిచ్చే రోజులు కావవి.

ఇంతలో యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం దిగిపోయాడు. ఊరంతా పండగ చేసుకుంది. మేం కూడా మేళం పట్టాం. తీరా చూస్తే దొర టోపీ మార్చుకుని మళ్లీ అదే గడీలో కూర్చున్నాడు. సైన్యం దళాల కోసం గుట్టలు గాలించడం మొదలుపెట్టింది. ఊళ్లో పోలీసు క్యాంపు పడింది. ఆ క్యాంపు పోలీసులకు పెద్ద అయిన అమీను మమ్మల్ని ఏమీ అనలేదు. కొడుకు దళంలో ఉన్న ఇళ్లన్నీ సోదాలు చేసినవాడు మా ఇంటి ముందు నుంచి నవ్వుకుంటూ పోయేవాడు. నాకు ఆ నవ్వు నచ్చలేదు.

బావకు నిద్ర ఉండేది కాదు. నోరు తెరిచి పడుకోవడం, గొంతు ఎండిపోయి లేవడం, కుండ దగ్గరికి పోయి నీళ్లు తాగి వాకిట్లో తిరగడం. ఆయన తిరుగుతుంటే అక్క లేచి కూర్చునేది. వాళ్లిద్దరూ లేస్తే పక్కింట్లో నాకు నిద్ర పట్టేది కాదు. నా వేళ్లు ఊరికే ఉండవు. మంచం పట్టె మీద, చెంబు మీద, చివరికి గిరాకీ నెత్తి మీద కూడా దరువు వేసేవి. ఒకసారి ఒకాయన సగం గుండుతో లేచి పోయాడు.

ఒకరోజు గుట్ట మీద కూత ఎప్పటిలాగే తెగింది. మెట్ల మీద కూర్చుని వింటున్న అమీను పైకొచ్చాడు. బావ గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పాడు.

"అరె, గీ ముక్కుతోని ఎట్ల బతుకుతున్నవు? పట్నంల పెద్ద దవాఖానల బాగుచేస్తరు. డాక్టర్ సాబ్ నాకు తెలుసు. మా లారీ పోతది, ఎక్కు."

"నాకా, సాబ్?" అన్నాడు బావ.

"నీకే. గింత మంచి సన్నాయి పాడైతుంటె చూడలేకపోతున్న."

ఇంటికొచ్చే దారి పొడవునా నేను బావతో కొట్లాడాను.

"దళం మనిషి తండ్రికి పోలీసోడు ముక్కు బాగుచేయిస్తడా? నీకు జరన్న బుద్ధున్నదా బావా?"

"వాడెందుకు చేయిస్తే నాకేంది? నాకు ఊపిరి కావాలె."

"వానికేదో కావాలె. అది తెల్వకుండ లారీ ఎక్కుతవా?"

"ఎక్కుత." ఆయన నడక ఆపి నా భుజం పట్టుకున్నాడు. "కాశిగా, నా కొడుకు ఇంట్ల అన్నం తిని ఏడాది దాటింది. నా ముక్కు వాణ్ని ఊళ్లెకు రానిస్తలేదు. నా ముక్కే వాణ్ని అడివిల కట్టేసింది. ఒక్కసారి, ఒక్కటంటె ఒక్కసారి నిండు కూత పడితె వస్తడు. దాని కోసం ఎవని లారీ అయినా ఎక్కుత."

ఇంటి దగ్గర అక్క కూడా ఆయన వైపే. దేవుడే అమీను రూపంలో వచ్చాడంది. దేవుడు అంత లావు మీసాలతో వస్తాడా అని అడిగితే చీపురు తీసింది. ఇద్దరూ ఆశపడుతుంటే నేనొక్కణ్ని ఏం చేయగలను? నేనూ లారీ ఎక్కాను. కిష్టయ్య అనే జవాను మా వెంట వచ్చాడు.

దవాఖానలో డాక్టరు నుదుటికి గుండ్రటి అద్దం కట్టుకుని బావ ముక్కులోకి వెలుగు కొట్టి చూశాడు. పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడాడు. బావ ముక్కుపుటాల కింద ఒక్కోవైపు దూది పోగు పెట్టి ఊపిరి వదలమన్నాడు. ఒకవైపు పోగు కదలనే లేదు.

"ముక్కు నడుమ ఒక గోడ ఉంటది. దెబ్బకు నీ గోడ ఒక దిక్కు ఒరిగి దారి మూసేసింది. వంకర ముక్క తీసేస్తే రెండు దిక్కుల గాలి ఆడతది."

"ముఖం సక్కగైతదా సాబ్?" అడిగాను నేను. అక్క మరీ మరీ చెప్పి పంపింది, అందుకే అడిగాను.

"పైన గట్లనే ఉంటది. లోపలనే సక్కగైతది."

"అయితె మా అక్క కష్టం తీరదు" అన్నాను. డాక్టరు నవ్వాడు. బావ నవ్వలేదు. ఆయన కళ్లన్నీ ఆ దూది పోగు మీదే ఉన్నాయి.

ఆపరేషనప్పుడు నన్ను తలుపు బయట ఉంచారు. మనిషికి మత్తు లేదు. ముక్కుకు మాత్రం మందు దూది పెట్టి, సూది వేసి మొద్దుబార్చారు. లోపల నుంచి చిన్న సుత్తి చప్పుడు వినబడింది. టక్, టక్. మా బావ ముక్కు మీద సుత్తి! నేను వరండా ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాను. గోడ మీద నా వేళ్లు ఆ సుత్తితో పాటే దరువు వేస్తుంటే నా మీద నాకే కోపం వచ్చి చేతులు చంకల్లో పెట్టుకున్నాను. నర్సమ్మ రెండుసార్లు కూర్చోమంది. కూర్చున్నాను, లేచాను.

బయటికి తెచ్చినప్పుడు బావ ముక్కు రెండు పుటాల్లోనూ గుడ్డ పట్టీలు కుక్కి ఉన్నాయి. నోటితోనే ఊపిరి. కళ్ల కింద నల్లగా కమిలింది. అయినా నా చెయ్యి పట్టుకుని బొటనవేలు ఊపాడు. అంత సంతోషంగా ఆ మనిషిని చూసి చాలా రోజులైంది.

మరునాడు పొద్దున దవాఖాన వెనుక వేపచెట్టు కింద జవాను కిష్టయ్యకు గడ్డం గీశాను. గీస్తుంటే మనుషులు మాట్లాడతారు. కత్తి కింద గొంతు పెట్టినవాడు భయం తెలియకుండా ఏదో ఒకటి చెబుతూనే ఉంటాడు. మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతే ఇది.

"మీ బావ ఎప్పటికి ఊదుతడు?" అన్నాడు.

"మానినంక. ఎందుకన్నా?"

"మా అమీన్ సాబ్ రోజు అడుగుతుండు. ఆగకుండ పొడుగు కూత ఉంటది చూడు, గది కావాల్నట. దళం మనిషి ఒకడు దొరికిండులే మంచాల కాడ. దెబ్బలు పడ్డంక చెప్పిండు. గా కూత వింటే గుట్టల నుంచి ఊళ్లెకు దిగుతరట."

నా చెయ్యి ఆగిపోయింది. గడ్డం సగమే అయింది. "ఏమైంది?" అన్నాడు. ఏమీ లేదని మిగతా సగం గీశాను. ఎట్లా గీశానో నాకు తెలియదు.

బావ మంచం దగ్గరికి పోయి చెవిలో చెప్పేశాను. చెప్పకుండా ఉండడం నా వల్ల కాదు. ఆయన ముక్కులో పట్టీలతోనే నోరు తెరుచుకుని విన్నాడు. నన్ను చూశాడు, పైకప్పును చూశాడు. తర్వాత చెయ్యి లేపి ముక్కు పట్టీ పీకెయ్యబోయాడు. నేను రెండు చేతులతో పట్టి ఆపాను. నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది. నొప్పి తట్టుకోలేక అట్లా చేశాడని ఆమెకు చెప్పాను.

పట్టీలు తీసిన రోజు డాక్టరు మళ్లీ దూది పోగు పెట్టాడు. రెండు వైపులా గాలికి ఊగింది. కిష్టయ్య పక్కనే నిలబడి చూశాడు. చూసింది చూసినట్టు అమీనుకు చెబుతాడని నాకు తెలుసు. ఊపిరి లోపలికి పోతుంటే బావ కళ్లు మూసుకున్నాడు. ఏడాదిన్నర తర్వాత మందు వాసన, ఫినాయిలు వాసన, పక్క మంచం మనిషి బీడీ వాసన అన్నీ ఒక్కసారే తగిలాయట. అంత చెడ్డ వాసనలకు అంతగా మురిసిపోయిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. మరుక్షణమే ముఖం వాడిపోయింది.

ఇంటికొచ్చాక అక్కకు అమీను సంగతి చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. ఆమె ఆయన ముఖం ఇటు తిప్పి అటు తిప్పి, "గింత దూరం పోయొచ్చి గదే వంకరా?" అంది. పుండు మానిందాకా సన్నాయి ముట్టవద్దని డాక్టరు చెప్పాడు. రోజూ అమీను మనిషి వచ్చి ఎట్లా ఉందని అడిగి పోయేవాడు. బావ వాకిట్లో తిరుగుతూనే ఉన్నాడు. అప్పుడు ఊపిరాడక తిరిగేవాడు, ఇప్పుడు ఊపిరాడి తిరుగుతున్నాడు.

ఒక పగలు అక్క చెంబులో నీళ్లు పోసి, ఆముదపు కాడ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "ఊదు, చూస్త" అంది. ఆయన వద్దన్నాడు. ఆమె వినలేదు. సరేనని కాడ నోట్లో పెట్టుకుని ఊదాడు. బుడగలు మొదలయ్యాయి. బుగ్గలు ఉబ్బడం, ముక్కు గాలి లాగడం, బుడగలు ఆగకుండా గలగలమని లేవడం. అక్క చెంబు మీదికి వంగి చూస్తూ ఉంది. ఎంతకీ ఆగలేదు. ఆమె నవ్వింది, చప్పట్లు కొట్టింది, "నా కొడుకు వస్తడు" అంది.

బావ ఊదుతూనే ఏడ్చాడు. కన్నీళ్లు చెంబులో పడ్డాయి. అప్పుడు చెప్పాను అక్కకు, అమీను ఎందుకు లారీ ఇచ్చాడో.

ఆమె చెంబు ఎత్తి వాకిట్లోకి విసిరికొట్టింది. బావ మెల్లగా అన్నాడు.

"ఇన్నొద్దులు నా ముక్కు తెంపింది. ఇగ నేనే తెంపుత."

"తెంపితె వానికి తెల్వదా? డాక్టరు మంచిగైందన్నడు, జవాను కండ్లార చూసిండు" అన్నాను.

"కొడితె కొట్టనీ."

అమీను ఒక సాయంత్రం తానే వచ్చి పిలుచుకుపోయాడు. గుట్ట ఎక్కేటప్పుడు చూశాను, బండల చాటున తుపాకులు పట్టుకుని జవాన్లు పడుకుని ఉన్నారు. మంచాల దిక్కు నుంచి వచ్చే కాలిబాటకు రెండు పక్కలా వాళ్లే. అక్క కింద ఉండలేక మా వెనుకే వచ్చి గుడి గోడకు ఆనుకుంది. గాలి చెరువు మీదుగా గుట్టల వైపే వీస్తోంది. ఆ ఒక్క రోజూ గాలి ఆగిపోతే బాగుండునని దేవుణ్ని తిట్టుకున్నాను.

"ఆగకుండ ఊదాలె. తెలిసిందా?" అన్నాడు అమీను.

హారతి అయింది. బావ సన్నాయి ఎత్తాడు. నేను డోలు మీద చెయ్యి వేశాను. కూత మొదలైంది.

ఏం కూత అది! వెనకటి రోజుల్లో కూడా అంత నిండుగా నేను వినలేదు. ఒక్క సన్న చీలిక లేదు. బుగ్గలు పొంగుతున్నాయి, ముక్కు లాగుతోంది, స్వరం అట్లాగే నిలబడి చెరువు దాటి పోతోంది. తెగే చోటు వచ్చింది. తెగలేదు. అమీను మీసాల కింద నవ్వు మొదలైంది. ఈ మనిషి మరిచిపోయాడా? పోయిన ఊపిరి తిరిగొచ్చిన ఆనందంలో కొడుకును చావుకు పిలుస్తున్నాడా? కావాలని దరువు తప్పించాను. ఆయన చూడలేదు. గోడ దగ్గర అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. కూత పోతూనే ఉంది. నేను డోలు పక్కన పడేసి ఆయన చేతిలోది లాక్కుందామని లేవబోయాను.

అప్పుడు తెగింది. కత్తితో కోసినట్టు తెగింది. బావ మళ్లీ పట్టాడు, మళ్లీ తెంపాడు. మూడోసారీ అంతే. సన్నాయి దించి ముక్కు పట్టుకుని కూర్చున్నాడు.

"అయ్యా, దమ్ము లేదు. పుండు పచ్చిగనే ఉన్నది."

అమీను గుడి దీపం వత్తి నుంచి ఒక దూది పోగు లాగి బావ ముక్కు కింద పెట్టాడు. కిష్టయ్య చెప్పాడు కదా, నేర్చుకున్నాడు. పోగు రెండు వైపులా ఊగింది.

"గాలి వస్తున్నది గదరా!"

"గాలి వస్తున్నది సాబ్. గుండెల దమ్ము లేదు. ఏడాదిన్నర తెగి తెగి ఊదిన, అదే అలవాటు పడ్డది."

లాఠీ వీపు మీద పడింది, భుజాల మీద పడింది, పిక్కల మీద పడింది. ముక్కును మాత్రం ముట్టలేదు. అది అమీనుకు కావాలి కదా. నేను అడ్డం పోతే నాకూ రెండు పడ్డాయి. చీకటి పడిందాకా జవాన్లు బాట కాశారు. ఎవరూ రాలేదు.

ఇంట్లో బావ వీపుకు నూనె రాస్తూ నేను తిట్టడం మొదలుపెట్టాను. "తెంపేటోనివి మొదట్లనే తెంపక, ఎందుకంత పొడుగు లాగినవు? నా పానం పోయింది."

"మొదట్లనే తెంపితె ఏమైతది? ముక్కు పలిగిన సంగతి ఇప్పటికి వాని చెవిన పడి ఉండొచ్చు, ఖరాబు ముక్కు రోజుటి లెక్కనే తెగిందనుకుంటడు. ఏదో ఒకనాడు ఆగలేక దిగొస్తడు." ఆయన బోర్లా పడుకుని చాపలోకి మాట్లాడుతున్నాడు. "మంచిగైన ముక్కు ఎల్లకు వినబడాలె. వినబడ్డంక తెగితె, గది బాపు తెంపిండని తెలుస్తది. నిజంగనే ఆపద ఉన్నదని తెలుస్తది."

ఆ మనిషిని అప్పటిదాకా నేను మందబుద్ధి అనుకునేవాణ్ని. అక్క నా చేతిలోంచి నూనె గిన్నె తీసుకుని తానే రాసింది.

అమీను వదల్లేదు. వారం వారం గుట్ట మీదికి వచ్చి కూర్చునేవాడు. బావ వారం వారం తెంపేవాడు. అమీను లేని రోజున కూడా మెట్ల దగ్గర ఎవడో ఒకడు చెవి పెట్టుకుని ఉండేవాడు, అందుకని రోజూ తెంపాల్సిందే. పెళ్లిళ్లలోనూ తెంపాడు. అంజిలయ్య సన్నాయికి నత్తి వచ్చిందని జనం నవ్వారు. పట్నం డాక్టరు ఉన్న ముక్కు పోగొట్టాడన్నారు. తలంబ్రాలప్పుడు కూత తెగితే అపశకునమని పెళ్లివాళ్లు అబ్దుల్లాపూర్‌మెట్ మేళాన్ని పిలుచుకోవడం మొదలుపెట్టారు. ఆ మేళగాడు వీధిలో మా బావ తెగుడు కూతను ఎక్కిరించి చూపిస్తే నేను వాడి గల్లా పట్టుకున్నాను. బావ నన్ను విడదీసి, "మంచిగనే ఊదుతుండులే" అని వెళ్లిపోయాడు. రెండు ముక్కుపుటాల నిండా ఊపిరి పెట్టుకుని, ఊరిలోకెల్లా మంచి సన్నాయి చేతిలో పెట్టుకుని, ఆ మనిషి రెండేళ్లకు పైగా రోజూ చెడగొట్టి వాయించాడు. ఆ బాధ ఎట్లాంటిదో వాయించేవాళ్లకు తెలుస్తుంది. నాకు ఆయన పక్కన కూర్చోవడానికే కష్టంగా ఉండేది.

చివరికి అమీనుకు విసుగు పుట్టింది. ఆ ముక్కు మీద ఆశ వదులుకున్నాడు. కొన్నాళ్లకు బదిలీ అయి పోయాడు. ఆ తర్వాత దీపావళి ముందు దళాలు పోరాటం విరమించాయని కబురు వచ్చింది. క్యాంపు ఎత్తేశారు. అయినా ఎవరి మాట నమ్మాలో తెలియని రోజులు. బయటికొచ్చిన వాళ్లను కొన్ని ఊళ్లలో పట్టుకుపోయారని చెప్పుకున్నారు. అప్పుడే ఒక గొర్లకాపరి మా ఇంటికొచ్చి, గడ్డం గీయించుకుంటున్నట్టు కూర్చుని, ఎల్లయ్య చెప్పమన్న మాట చెప్పాడు. రేపు సాయంత్రం గుట్ట కిందికి వస్తాడట. నిండు కూత వినబడితేనే ఊళ్లోకి అడుగు పెడతాడట. తెగితే మహారాష్ట్ర దిక్కు పోయే వాళ్లతో వెళ్లిపోతాడట, ఇక ఎప్పుడొస్తాడో చెప్పలేడట.

మరునాడు అక్క పొద్దున్నే చేపలు తెప్పించింది. బావ రోజంతా ఏమీ తినలేదు. నేను డోలు బిగించాను, విప్పాను, మళ్లీ బిగించాను.

గుట్ట మీద మేం ముగ్గురం, పూజారి. హారతి కాగానే బావ సన్నాయి ఎత్తాడు. కింద, బాట మలుపు దగ్గర బండ పక్కన ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. బక్కగా ఉన్నాడు, గడ్డం పెరిగింది. ఆ నిలబడడం చూసి అక్క గుర్తుపట్టింది. "ఎల్ల" అంది, అరవకుండా.

కూత మొదలైంది. నిండుగా పోయింది. తెగే చోటికి వచ్చింది.

తెగింది.

బావ తెంపలేదు. దానంతట అదే తెగింది. రెండేళ్లకు పైగా రోజూ అక్కడే తెంచి తెంచి, ఆ ఊపిరికి అదే అలవాటైపోయింది. ఆయన సన్నాయిని నోటి నుంచి తీసి దాని వంక చూశాడు. కింద ఆ మనిషి ఒక్క క్షణం నిలబడి, వెనక్కి తిరిగాడు.

"బావా, పోతుండు! ఊదు!" అని అరిచాను. అక్క కూడా కొడుకును పేరు పెట్టి పిలిచింది. అంత దూరం మా అరుపులు ఎక్కడ అందుతాయి? అందేది సన్నాయి ఒక్కటే.

బావ మళ్లీ పట్టాడు. కళ్లు మూసుకున్నాడు. నేను డోలు వదిలేసి ఆయన మోకాలి మీద చేతితో, చెంబులో బుడగలు లేచినట్టు ఆగకుండా తట్టడం మొదలుపెట్టాను. అక్క వచ్చి ఆయన వీపు మీద చెయ్యి వేసింది. తెగే చోటు దగ్గరికి వచ్చింది. స్వరం సన్నబడి వణికింది. ఆ వంకర ముక్కు బుస్సుమని గాలి లాగింది. కూత దాటింది.

కింద ఆ మనిషి ఆగాడు. కదలకుండా విన్నాడు. తర్వాత ఇటు తిరిగి నడిచాడు, నడిచి నడిచి పరుగెత్తాడు. మెట్లు ఎక్కుతున్న చప్పుడు వినబడింది. బావ ఊదుతూనే ఉన్నాడు. ఎల్లయ్య పైకొచ్చి తండ్రి ఎదురుగా నిలబడి, "బాపూ" అన్నాడు. బావ కళ్లు తెరిచాడు, కొడుకును చూశాడు, అయినా కూత ఆపలేదు. తెగితే వాడు పోతాడన్న భయం ఆయన్ని ఇంకా వదల్లేదు. బుగ్గలు పొంగుతున్నాయి, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, ముక్కు లాగుతూనే ఉంది.

ఎల్లయ్య ఏం చేయాలో తెలియక తల్లి వైపు చూశాడు. అక్క ముందుకొచ్చి సన్నాయి మీద చెయ్యి వేసి మెల్లగా ఆయన నోటి నుంచి తీసింది.

"ఇగ చాలయ్యా. వచ్చిండు" అంది.